ముఖపత్రముపై లేని పేరు: షేక్స్పియరు కథలు వ్రాసిన అక్కాతమ్ముల చరిత్రము

ఆంగ్లేయ గ్రంథకర్తలను మన విద్యార్థులకు పరిచయము చేయు పద్ధతి యొకటి పాఠశాలలలో చిరకాలమునుండి స్థిరపడియున్నది. కవి పుట్టిన సంవత్సరము, గిట్టిన సంవత్సరము, అతడు రచించిన గ్రంథముల పట్టిక, శైలిని గూర్చి నాలుగు విశేషణములు. ఇంతటితో పరిచయము ముగియును. విద్యార్థి వానిని వల్లించును, పరీక్షలో వ్రాయును, మరునాడు మరచును. ఇరువది యేండ్లుగా ఉపాధ్యాయవృత్తిలోనున్న మేమును ఈ పద్ధతినే యనుసరించుచు వచ్చితిమి. ఇందలి లోపమును మాకు చూపినది ఏ పండితుని విమర్శనమును గాదు. ఎనిమిదవ తరగతి చదువుచున్న యొక బాలిక యడిగిన ప్రశ్న.

ఆనాటి పాఠము షేక్స్పియరు నాటకములను బాలురకై వచనకథలుగా కూర్చిన గ్రంథములోనిది. మేము నల్లబల్లపై గ్రంథకర్త పేరు ‘చార్లెసు లాంబు’ అని వ్రాసితిమి. ఆ బాలిక తన చేతనున్న పుస్తకమును త్రిప్పి చూచి, “మాస్టారూ, దీనిమీద రెండు పేర్లున్నవండీ. ఈ మేరీ యెవరు?” అని యడిగెను. “ఆయన అక్కగారు. కొంత సాయము చేసినది” అని యుత్తరమిచ్చి మేము ముందునకు సాగితిమి. ఉత్తరమిచ్చుట యెంత సులభమో, అది సరియైనదో కాదో తెలిసికొనుట యంత సులభము కాదు. ఆ రాత్రి యింట నున్న పుస్తకములు తిరుగవేయగా, ఆ గ్రంథములోని యిరువది కథలలో పదునాలుగు ఆ అక్కగారు వ్రాసినవే యని తేలినది. తమ్ముడు వ్రాసినవి ఆరు మాత్రమే. పదునాలుగింటిని వ్రాసినవారిని ‘కొంత సాయము చేసినది’ యని మేమెట్లంటిమి? మాకు ముందటి యుపాధ్యాయులు మాకట్లు చెప్పిరి గనుక. వారి కెవరు చెప్పిరి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకబోయి మేము తెలిసికొనిన చరిత్రమే యీ వ్యాసమునకు విషయము.

మేరీ లాంబు 1764వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీని, చార్లెసు లాంబు 1775వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీని లండను నగరమున జన్మించిరి. అక్కకును తమ్మునకును పదియేండ్లకు మించిన యంతరము. వారి తండ్రి, న్యాయవాదుల నివాసమైన టెంపులు అను ఆవరణములో శామ్యూలు సాల్టు అను నొక పెద్ద న్యాయవాదికి గుమాస్తాగాను పరిచారకుడుగాను నుండెను. ధనములేని కుటుంబము, కాని యజమానునకు మంచి గ్రంథాలయముండెను. పిల్లలు ఆ గ్రంథాలయమున స్వేచ్ఛగా తిరుగుటకు ఆయన యడ్డుచెప్పలేదు. మేరీకి బడిచదువు స్వల్పము. ఆమె నేర్చినదంతయు ఆ బీరువాల నడుమ నేర్చినదే. తమ్మునకు అక్షరములు నేర్పినదియు నామెయే.

చార్లెసు 1782 మొదలు 1789 వరకు క్రైస్ట్స్ హాస్పిటలు అను ధర్మపాఠశాలలో చదివెను. పిదప మహాకవిగా పేరొందిన కోలరిడ్జి యచ్చట ఆయనకు సహాధ్యాయి. ఆ స్నేహము యావజ్జీవము నిలిచినది. చార్లెసు తెలివిగల విద్యార్థియే యైనను నత్తి గలవాడు. ఆ పాఠశాలనుండి విశ్వవిద్యాలయమునకు పంపబడువారు మతాచార్యులు కావలసినవారు. నత్తివానికి ఉపన్యాసపీఠము తగదు గదా! కావున కోలరిడ్జి కేంబ్రిడ్జికి పోగా, చార్లెసు కలముపట్టి లెక్కలు వ్రాయుటకు పోయెను. 1792వ సంవత్సరమున లండనులోని ఈస్టిండియా కంపెనీ కచ్చేరిలో లెక్కల గుమాస్తాగా చేరెను. మొదటి మూడేండ్లు జీతము లేదు. అది యచ్చటి యాచారము. ముప్పదిమూడేండ్లు ఆయన యా కచ్చేరిలోనే బల్లకు వంగి, తేయాకు, నీలిమందు, పత్తిబట్టలు మున్నగు సరకుల లెక్కలు వ్రాసెను. ఆ కంపెనీయే యానాడు మన ఉత్తర సర్కారులను పరిపాలించుచుండినది. మన సముద్రతీరమున పుట్టిన సరకుల వెలలు వ్రాసిన కచ్చేరి గుమాస్తా, రాత్రి యింటికి వచ్చి వ్రాసిన కథలను, నూరేండ్లకు పైబడిన తరువాత ఆ తీరపు బాలబాలికలు పాఠముగా చదువవలసి వచ్చుట చరిత్రలోని యొక విచిత్రము.

ఇంక నీ కుటుంబమునకు సంభవించిన విపత్తును చెప్పవలసియున్నది. సాల్టుగారు మరణించిన పిమ్మట లాంబు కుటుంబము టెంపులు విడిచి యిరుకుటిల్లు చేరినది. తండ్రికి మతి తప్పుచుండెను. తల్లి మంచము పట్టెను. మేరీ పగలెల్ల బట్టలు కుట్టి డబ్బు సంపాదించుచు, రాత్రులు తల్లికి పరిచర్యచేయుచు నుండెను. 1795–96 శీతకాలమున చార్లెసే చిత్తచాంచల్యముచే ఆరువారములు చికిత్సాలయమున నుండి వచ్చియుండెను. 1796వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీని మేరీకి ఉన్మాదము కలిగినది. ఆ యావేశములో నామె భోజనపు బల్లమీది కత్తిని తీసి తల్లిని పొడిచెను. చార్లెసు వచ్చి కత్తిని లాగికొనునప్పటికే తల్లి ప్రాణములు పోయినవి. విచారణ జరిపిన జ్యూరీ యిది యున్మాదవశమున జరిగినదని తీర్మానించినది.

అప్పటికి చార్లెసునకు వయస్సు ఇరువదియొక సంవత్సరము. మేరీని జీవితాంతము పిచ్చియాసుపత్రిలోనే యుంచవలెనని పలువురు తలచిరి. ఆయన యన్నయగు జానుయొక్క యభిప్రాయమును నదియే. ఆ కాలపు పిచ్చియాసుపత్రి యనగా నెట్టిదో చదువరు లూహింపగలరు. గొలుసులతో బంధించుట యచ్చట చికిత్సలో నొక భాగము. చార్లెసు దాని కొప్పుకొనలేదు. ఆమె భారము తాను వహింతునని మాట యిచ్చెను. ఆమెను మొదట మంచి వైద్యగృహమునందుంచి, జబ్బు నెమ్మదించిన తరువాత వేరొకచోట బసలో నుంచి, 1799లో తండ్రి చనిపోయినపిదప తన యింటికే తెచ్చుకొనెను. నాటినుండి తాను మరణించువరకు ముప్పదియైదేండ్లు అక్కాతమ్ములు కలిసియే జీవించిరి.

ఆ మాట నిలుపుకొనుట సులభమైన పనికాదు. మేరీకి జబ్బు మరల మరల వచ్చుచుండెను. రాబోవుచున్నదని యామెకే ముందుగా తెలియుచుండెను. తెలిసిన వెంటనే తమ్మునితో చెప్పెడిది. అప్పుడిరువురును చేయిచేయి పట్టుకొని, ఆవేశము వచ్చినచో కట్టివేయుటకు వలసిన చొక్కాను తామే వెంటబెట్టుకొని, కాలినడకను చికిత్సాలయమునకు పోవుచుండిరి. ఇట్లు పొలములకడ్డముగా ఏడ్చుచు నడచిపోవుచున్న వారిరువురిని మిత్రుడొకడు చూచినట్లు చెప్పియున్నాడు. కొన్ని వారములకో మాసములకో ఆమె తేరుకొని యింటికి వచ్చెడిది. వచ్చిన పిదప చదువు, వ్రాత, అతిథిసత్కారము యథాప్రకారము సాగెడివి. ఇరుగుపొరుగువారి గుసగుసలచే వారు పలుమారులు ఇండ్లు మారవలసి వచ్చినది. 1819లో చార్లెసు తనకిష్టమైన యొక నటీమణిని వివాహమునకు కోరెను, ఆమె యంగీకరింపలేదు. ఆయన అవివాహితుడుగనే యుండెను.

షేక్స్పియరు కథలు పుట్టినది ఇట్టి యింటిలో. ప్రసిద్ధ తత్త్వవేత్తయగు విలియము గాడ్వినును ఆయన రెండవభార్యయు బాలుర పుస్తకములు ప్రకటించు నొక పుస్తకశాలను నడుపుచుండిరి. వారు కోరగా 1806లో నక్కాతమ్ములీ పనికి పూనుకొనిరి. ఒకే బల్లకడ కూర్చుండి యిరువురును వ్రాయుచుండుటను మేరీ తన స్నేహితురాలికి వ్రాసిన జాబులో నవ్వు పుట్టునట్లు వర్ణించినది: తాను నస్యము పీల్చుచుండగా, తమ్ముడు ఇది తనవలన కాదని మూల్గుచు వ్రాయునట! లియరు రాజు, మాక్బెతు, హామ్లెటు, ఒథెల్లో, రోమియో జూలియటు, టైమను అను నారింటిని చార్లెసు వ్రాసెను. మోదాంతములైన వెల్ల మేరీ పాలబడినవి. ఆ నాటకములలో నాయికలు మాటిమాటికి పురుషవేషము వేసికొనుచుండుటచే వానిని విసుగులేకుండ కథగా చెప్పుట యామెకు కష్టమైనదనియు, ఒక నాటకముకడ నామె పని నిలిచిపోయినదనియు చార్లెసు మిత్రుడైన వర్డ్స్‌వర్తు కవికి వ్రాసెను. గ్రంథము 1807వ సంవత్సరారంభమున రెండు సంపుటములుగా వెలువడినది.

ఆ గ్రంథముయొక్క పీఠికను మన యుపాధ్యాయు లరుదుగా చదువుదురు. విద్యార్థులచే చదివించుట మఱియు నరుదు. కాని గ్రంథోద్దేశ మంతయు నందే గలదు. ఈ కథలు ముఖ్యముగా బాలికలకొరకు వ్రాయబడినవని యందు స్పష్టముగ చెప్పబడినది. కారణమేమనగా, మగపిల్లలకు తండ్రి గ్రంథాలయమునందు చిన్నతనముననే ప్రవేశము దొరకును. ఆడపిల్లలకు చాల కాలమునకు గాని దొరకదు. అక్క మొగము చూచి విచారించుచుండగా తమ్ముడు షేక్స్పియరును కంఠస్థము చేసియుండును. కావున నీ కథలు చదివి బాలికలు కొంత రుచి తెలిసికొందురుగాక. కఠినమైన భాగములను సోదరులు వారికి బోధింతురుగాక. తరువాత మూలగ్రంథములోని తగిన ఘట్టములను చదివి వినిపింతురుగాక యని యా పీఠిక కోరుచున్నది. ఇది యెవరి యనుభవమో చెప్పనక్కరలేదు. సాల్టుగారి బీరువా తెరవబడియుండుటచేతనే తాను చదువరియైనదని మేరీకి తెలియును. తెరవబడని యిండ్లలోని యాడుపిల్లల కేమి దారి? వారికొరకు నామె యొక చిన్నతలుపును తెరచినది.

తలుపు తెరచినవారి పేరు తలుపుమీద లేదు. 1807 నాటి ముఖపత్రమున ‘చార్లెసు లాంబు’ అను పేరొక్కటే యుండెను. మేరీ పేరు 1838లో, అనగా ఏడవ కూర్పునందు, చార్లెసు చనిపోయిన తరువాత గాని చేరలేదు. చార్లెసు దురాశాపరుడా? కాడు. తన భాగము స్వల్పమని ఆయన మిత్రులకు జాబులలో చెప్పుచునే యుండెను. 1796 నాటి సంగతి వార్తాపత్రికలలో పడియుండెను. మేరీ లాంబు అను పేరు బాలుర పుస్తకముమీద కనబడిన నెవ్వరైన దానిని తలచుకొందురేమో యను భయ మొకటి యుండవచ్చును. స్త్రీ పేరు ముద్రింపకుండుటయే మర్యాదయను నాటి తలపు మఱియొకటి. ఈ రెండవ కారణమును తోసివేయుటకు వీలులేదు. ఏలయన, సరిగా ఆ 1807వ సంవత్సరముననే షేక్స్పియరును గృహములలో చదువదగినట్లు చేయుటకై మఱియొక గ్రంథము బయలుదేరినది. అదియు ఇరువది నాటకముల సంపుటియే. కుటుంబములలో బిగ్గరగా చదువుటకు తగని మాటలను తీసివేసి కూర్చిన యా గ్రంథమును సిద్ధపరచినది హెన్రియెట్టా బౌడ్లరు అను స్త్రీ. దానిపై నెవరి పేరును లేదు. 1818లో వెలువడిన పెద్దకూర్పునకు ఆమె సోదరుడు టామసు బౌడ్లరు పేరు పెట్టబడినది. ఆంగ్లభాషలో నిష్కారణముగా గ్రంథములను కత్తిరించుటకు నేటికిని వాడబడు క్రియ యాయన యింటిపేరునుండియే పుట్టినది. ఒకే యేట షేక్స్పియరును ఇంటిలోనికి తెచ్చిన యిద్దరు స్త్రీలు. ఇద్దరి పేర్లును మరుగున పడినవి.

ఆ రెండు గ్రంథములకు గల భేదమును విద్యార్థులు గుర్తింపవలెను. బౌడ్లరు గ్రంథము నాటకమును నాటకముగనే యుంచి మాటలను తీసివేసినది. లాంబు గ్రంథము నాటకమును కథగా మార్చి, షేక్స్పియరు పలుకులను వీలైనంతవరకు నిలిపినది. ఆయన కాలమునకు తరువాత భాషలో చేరిన మాటలను కథకులు బుద్ధిపూర్వకముగా వర్జించిరి. కావుననే యీ కథలు చదివినవానికి మూలమునకు పోయినప్పుడు దారి పరిచితముగా తోచును. ఐనను లోపములు లేవని మేమనము. హాస్యపాత్రలు పలువురు జారిపోయిరి. ఇంగ్లండు రాజుల చరిత్ర నాటకములును రోమునగర చరిత్ర నాటకములును ఇందులో లేవు. అన్నిటికంటె ముఖ్యముగ, మాటకు మాట యెదురై నిలుచు సంభాషణ మిక్కిలి తగ్గిపోయినది. ఈ కొరత గ్రంథకర్తలకే తెలియును. ఇవి మూలమునకు బదులు కావనియు, పెద్దవారైన పిదప పిల్లలు మూలమునే చదువవలెననియు వారే చెప్పియున్నారు. మన పాఠశాలలలో జరుగుచున్నదేమి? కథతో ఆగుచున్నాము, ఒక్కొక్కచోట కథనుగూడ విడిచి, ప్రశ్నోత్తరముల పుస్తకముతో ఆగుచున్నాము. వాకిటి గడపనే యిల్లని చూపుచున్నాము.

మేరీ లాంబు వ్రాతలు ఈ గ్రంథముతో ముగియలేదు. 1809 తేదీతో ప్రకటింపబడిన ‘మిసెస్ లీస్టర్స్ స్కూల్’ అను బాలికల కథాసంపుటిలోని పది కథలలో నేడు ఆమెవే. 1815లో నొక స్త్రీల పత్రికలో ‘సెంప్రోనియా’ అను మారుపేరుతో కుట్టుపనిని గూర్చి యామె యొక వ్యాసము వ్రాసినది. సంపన్నగృహములలోని స్త్రీలు కాలక్షేపమునకై సూది పట్టుకొనుటచే రెండు కీడులు కలుగుచున్నవని ఆమె వాదము: కుట్టి బ్రతుకవలసిన బీదస్త్రీలకు కూలి పోవుచున్నది, కుట్టుచు కూర్చున్న స్త్రీలకు చదువుటకు తీరిక పోవుచున్నది. పురుషునకు పనివేళయు విశ్రాంతివేళయు వేరువేరు. స్త్రీకి మాత్రము విశ్రాంతియు నొక పనియేయని ఆమె కనిపెట్టినది. పదునొకండేండ్లు సూదితో జీవనము చేసిన స్త్రీ చెప్పిన మాట గనుక నిది యూహాగానము కాదు. చార్లెసు 1820 మొదలు ‘ఇలియా’ అను మారుపేరుతో ప్రకటించి, 1823లో గ్రంథముగా కూర్చిన వ్యాసములే ఆయన కీర్తికి మూలస్తంభములు. వానిలో ‘బ్రిడ్జెట్టు’ అను పేరుతో కనబడు బంధువు మేరీయే. అందును నామె అసలుపేరు లేదు!

అక్కాతమ్ములు కలిసి చదువుకొనుట మనవారికి తెలియని విషయము కాదు. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను 1901లో ప్రకటించిన భండారు అచ్చమాంబగారు, విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారికి అక్కగారు. ఆమెను బడికి పంపినవారు లేరు. తమ్ముడు నాగపురమున తన యింట నుండి చదువుకొనుచుండగా ఆమెయు నాతనితోపాటు చదివినది. లాంబుల పీఠిక సోదరులను కోరిన కోరిక, ఆ పీఠికతో సంబంధము లేకయే, మన యింట నొకచో నెరవేరినది. భేదమేమనగా, అచ్చమాంబగారి గ్రంథమునకు అచ్చమాంబగారి పేరే యున్నది.

చార్లెసు 1834వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీని ఎడ్మంటను అను గ్రామమున మరణించెను. మేరీ 1847వ సంవత్సరమున మరణించగా నామెను తమ్ముని సమాధియందే యుంచిరి. 1796 నాటి సంగతి యెరిగిన మిత్రులందరును ఆమె బ్రతికియున్నంతకాలము నోరు మెదపలేదు. 1848లో టాల్ఫర్డు అను మిత్రుడు చార్లెసు చరిత్రమును పూర్తిచేయుచు మొదటిసారిగా దానిని వెల్లడించెను. బ్రతికియున్నవారి మానమును కాపాడుటకు మౌనము వహించిరి. ఆమె పోయినపిదప సత్యమును చెప్పిరి. రెండును ధర్మమే. కాని మన పాఠశాలలలో మొదటిదే నిలిచిపోయినది.

ఆ బాలిక ప్రశ్నకు తప్పుడుత్తర మిచ్చిన వారము రోజులకు మేము తరగతిలో నీ చరిత్రమునంతయు చెప్పితిమి. తల్లి మరణమును చెప్పవలెనా మానవలెనా యని చాల సంశయించితిమి. చెప్పక తీరదనిపించినది, అది లేకున్న చార్లెసు చేసిన పని యేమో తెలియదు, ముఖపత్రము కథయు తెలియదు. వర్ణన లేకుండ నాలుగు మాటలలో చెప్పితిమి. పిల్లలు నిశ్శబ్దముగా వినిరి. గంట కొట్టిన తరువాత, ఎన్నడును నోరు విప్పని యొక బాలుడు బల్లకడకు వచ్చి నిలిచెను. “అయితే మాస్టారూ, ఆమె నయమైనప్పుడు మామూలుగానే కథలు వ్రాసేదా అండీ?” అని యడిగెను. “వ్రాసేది. నీవు చదివినవి అవే” అంటిమి. కొంచెము సేపు తలవంచుకొనియుండి, “మా అక్కకు కూడా అట్లాగే వస్తుందండీ. ఇంటికి ఎవరినీ రానివ్వరు” అని చెప్పి వెడలిపోయెను. ఆతడు మా తరగతిలో రెండేండ్లనుండి యున్నవాడు. వాని కొక అక్క యున్నదని మాకు తెలియదు.

నాటినుండి మేము గ్రంథకర్తలను పరిచయముచేయు పద్ధతి మార్చుకొంటిమి. సంవత్సరములు చెప్పుదుము, గ్రంథముల పేర్లును చెప్పుదుము, అవి యవసరమే. కాని ఆ గ్రంథము ఏ యింట, ఎవరి యెదుట, ఏ కష్టమునడుమ, ఎవరికొరకు వ్రాయబడినదో మొదట చెప్పుదుము. అట్లు చెప్పినపుడు పరదేశపు గ్రంథకర్త పరీక్షాపత్రములోని పేరుగా గాక, మన వీధిలోని మనుష్యుడుగా పిల్లలకు కనబడుచున్నాడు. ఈ వ్యాసము చదువు తల్లిదండ్రులకు మా మనవి యొక్కటియే. మీ యింట నీ పుస్తకమున్నచో పీఠికను పిల్లలచేత బిగ్గరగా చదివింపుడు. ముఖపత్రముపై నొక్క పేరే యున్నయెడల, రెండవ పేరును మీ పిల్లలచేతనే వ్రాయింపుడు. ఆ మరుసటి వారము మేమును నల్లబల్లపై రెండు పేర్లును వ్రాసితిమి. అక్కగారి పేరు ముందు వ్రాసితిమి.